తాళం మీదే, చెవి ఎవరిది?

టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ వచ్చే రోజుల్లో ఒక్క ఫొటో తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే అమెరికాలో మార్కెట్‌స్కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇంటర్నెట్ వేగం పెంచుతామంది. దాని వెనక ఉన్నది కామ్‌స్కోర్. జనం నెట్‌లో ఏం చూస్తున్నారో, ఏం కొంటున్నారో లెక్కగట్టి అమ్ముకునే సంస్థ.

దాన్ని వేసుకున్నాక మీరు ఏ సైటు అడిగినా ఆ అభ్యర్థన ముందుగా వాళ్ల సర్వర్‌కు చేరేది. అంతేకాదు, ఆ సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లో తన సొంత ధ్రువపత్రం (సర్టిఫికెట్) పెట్టేది. దాంతో బ్యాంకు సైటుకు వెళ్లే రహస్య సమాచారాన్ని కూడా దారిలో విప్పి, మళ్లీ మూసి పంపగలిగేది. తెర మీద, సైటు భద్రమని చెప్పే తాళం గుర్తు మాత్రం చెక్కుచెదిరేది కాదు! 2004లో కొన్ని అమెరికన్ విశ్వవిద్యాలయాలు దీన్ని అడ్డుకున్నాయి.

ఒప్పందంలో అంతా రాశామని సంస్థ వాదన. ఎవరూ చదవని పేజీల్లో రాస్తే అది చెప్పినట్టా? నేను ఒప్పుకోను.

తర్వాత ఫోన్ల కాలం. డేటా ఆదా యాప్‌లతో మొదలైన ఒనావో అనే సంస్థను 2013లో ఫేస్‌బుక్ కొంది. గోప్యత కాపాడతామన్న దాని ఉచిత వీపీఎన్ (ఫోన్ నెట్ రాకపోకలను తమ సర్వర్ మీదుగా పంపే యాప్), ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కు చేరవేసింది. దీనిపై 2023లో ఆస్ట్రేలియా కోర్టు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

మీ ఆండ్రాయిడ్ ఫోన్ పైఅంచున చిన్న తాళంచెవి గుర్తు కనిపిస్తోందా? ఏదో వీపీఎన్ నడుస్తోందన్నమాట. అది ఎవరిదో సెట్టింగ్స్‌లో ఈ రాత్రే చూడండి.