తెల్లమచ్చ కనిపిస్తే గర్భసంచి తీయించుకోవాలా?

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భసంచి ముఖద్వారం మన శరీరంలోదే. కానీ దాన్ని చూసుకున్నవాళ్ళు మనలో ఎంతమంది? డాక్టరు చూస్తుంది, ఏదో రాస్తుంది, మనం బల్ల దిగి వచ్చేస్తాం. ఆమె ఏం చూసిందో తెలుసుకునే హక్కు మనకుంది. ముందు అదే చెప్తాను.

ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ లాంటిది, అద్ది ఒక నిమిషం ఆగుతారు. మామూలు కణాల్లోంచి వెలుతురు లోపలికి పోతుంది, కింద ఉన్న రక్తనాళాల ఎరుపు కనిపిస్తుంది. మార్పు వచ్చిన కణాల్లో కేంద్రకాలు పెద్దవి, మాంసకృత్తులు ఎక్కువ. ఆమ్లం తగలగానే అవి గడ్డకట్టి వెలుతురుని తిప్పికొడతాయి. అదే తెల్లమచ్చ. కోల్పోస్కోప్ అంటే ఆ మచ్చని పెద్దది చేసి చూపించే దీపమూ భూతద్దమూ. ఆకుపచ్చ అద్దం అడ్డంపెడితే రక్తనాళాలు నల్లగా తేలతాయి. కణాల మీద నీలికాంతి వేసి, అవి తిరిగి వెలువరించే వెలుగుని యంత్రంతో కొలిచే పద్ధతులూ వచ్చాయి.

ఈ పరికరాన్ని 1925లో జర్మనీలో ప్రవేశపెట్టినవాడు హాన్స్ హిన్సెల్‌మన్. నాజీల ఆష్‌విట్జ్ శిబిరంలో బందీలైన యూదు స్త్రీల మీద దీనితోనే ప్రయోగాలు చేశారు. వాళ్ళనెవరూ అడగలేదు. అనుమానం వస్తే ముఖద్వారం కోసి జర్మనీకి పరీక్షకి పంపారు. రోమా స్త్రీలకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసిన నేరానికి యుద్ధం తర్వాత హిన్సెల్‌మన్‌కి శిక్షపడింది. పరీక్షకి ముందు మన అనుమతి అడగాలని పట్టుబట్టడం చాదస్తం కాదని ఇందుకే అంటున్నాను.

పైగా వెలుతురు పొరపడుతుంది. వాపు ఉన్నా, కణాలు సహజంగా మారుతున్నా తెల్లబడవచ్చు. ముట్లుడిగినవాళ్ళలో అసలు చూడాల్సిన భాగమే లోపలికి జరిగిపోతుంది. అందుకే ముందుగా హెచ్‌పీవీ పరీక్ష చేయడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. దానికి నమూనా మనమే తీసి ఇవ్వచ్చు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8. కారణాలు చాలా ఉన్నాయి, కాన్సర్ భయం వాటిలో ఒకటి. తెల్లమచ్చ కాన్సర్ కాదు, అనుమానం మాత్రమే. ముక్క తీసి పరీక్షించాక కాన్సర్ ముందుదశ అని తేలినా, చాలామందికి ఆ భాగాన్ని గడ్డకట్టించో, వేడితో కాల్చో, తీగతో కోసో నయంచేస్తారు. గర్భసంచి ఉంటుంది. ఆపరేషన్ అనగానే "బయాప్సీ రిపోర్టు ఏదండీ?" అని అడగండి. కాగితం చేతికొచ్చేదాకా సంతకం పెట్టొద్దు.