ధైర్యమను మాటకు అర్థము



అమెరికా రచయిత్రి హార్పర్ లీ 1960లో వెలువరించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో ధైర్యమును గూర్చిన వాక్యమును పలువురు వ్రాసికొందురు. అది పుట్టిన సందర్భమును కొందరే గమనింతురు.

అలబామా రాష్ట్రమున అట్టికస్ అను న్యాయవాది కుమారుడు జెమ్, పొరుగు వృద్ధురాలి పూలపొదలను పాడుచేసెను. శిక్షగా నెలకుపైగా ఆమెకు పుస్తకము చదివి వినిపించెను. అలారము గంట దినదినము ఆలస్యముగా మ్రోగెడిది. వ్యాధిబాధకై అలవాటుపడిన మార్ఫిన్ మందును మానుటకు ఆమె పొడిగించుకొనిన గడువది. ఆమె విముక్తురాలై మరణించిన పిమ్మటనే జెమ్‌కు ఈ సంగతి తెలిసెను. ధైర్యము తుపాకియందు లేదనియు, గెలుపు ఆశ లేకున్నను పూనినదానిని విడువకుండుటయందున్నదనియు తండ్రి అప్పుడే చెప్పెను.

అనంతరము నిర్దోషియైన నల్లజాతీయుడు టామ్ రాబిన్‌సన్ పక్షమున అట్టికస్ వాదించి, ఓడెను. ఆ వాక్యమునకు ఆ వ్యాజ్యమే వ్యాఖ్యానము. కావున వాక్యమును మాత్రమే వ్రాసికొనక, దాని ముందువెనుకల పుటలను కూడ చదువుడు.