పండగంటే క్వార్టరేనా? దూబగుంట నుంచి మ్యూనిక్ దాకా

టైటిల్ చూసి కొంతమంది పార్టీ వీడియో అనుకొని వచ్చుంటారు. ఇంకొంతమంది "అబ్బా, మందు మానేయండి అని క్లాస్ పీకుతాడు వీడు" అనుకొని ఇప్పటికే స్క్రోల్ చేసేసుంటారు. రెండూ కాదు. ఒక పదిహేను నిమిషాలు ఉండండి, అసలు మ్యాటర్‌కి వద్దాం.

2025లో దసరా ఎప్పుడొచ్చిందో గుర్తుందా? అక్టోబర్ 2. అంటే గాంధీ జయంతి. దేశమంతా డ్రై డే. తెలంగాణలో దసరా అంటే ముక్క, చుక్క ఉండాల్సిందే అనే లెక్క. రెండూ ఒకే రోజు ఢీకొట్టేసరికి హైదరాబాద్‌లో ఉన్న మా ఫ్రెండ్స్ గ్రూపుల్లో వారం ముందు నుంచే మీమ్స్. "బాపూ, ఈ ఒక్కసారికి అడ్జస్ట్ అవ్వు" అని. ముందు రోజు సాయంత్రం వైన్స్ ముందు క్యూలు. నేనూ నవ్వా. నవ్విన తర్వాత ఒక డౌట్ వచ్చింది. పండగలోకి చుక్క ఎప్పుడొచ్చింది? ఎవరు తెచ్చారు? ఇది నిజంగా మన సంప్రదాయమేనా, లేకపోతే ఎవరో మనకు అలవాటు చేశారా?

కోడ్‌లో బగ్ వస్తే ఏం చేస్తాం? హిస్టరీ తీసి ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో చూస్తాం. ఇక్కడ కూడా అదే చేశా. ముందు బయట దేశాలు చూద్దాం, తర్వాత మన నెల్లూరుకి వద్దాం. నిజం చెప్పాలంటే అసలు కథ మన నెల్లూరులోనే ఉంది.

జపాన్‌లో కొత్త సంవత్సరం పొద్దున్నే "టోసో" అని ఒకటి తాగుతారు. సాకేలో మూలికలు, మసాలా దినుసులు నానబెట్టి చేస్తారు. ఏడాదంతా జబ్బులు రాకూడదని. చిన్న చిన్న గిన్నెల్లో, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లతో మొదలుపెట్టి పెద్దవాళ్ల దాకా వరసగా తాగడం పాత పద్ధతి. కొరియాలో "చుసోక్" పండక్కి పెద్దలకు పెట్టుకుంటారు, మనం సంక్రాంతికి పెద్దలకు పెట్టుకున్నట్టే. ఆ పెట్టిన మద్యాన్నే తర్వాత ఇంటిల్లిపాదీ కాస్త కాస్త పంచుకుంటారు. ప్రసాదం లెక్క. ఇంకో విషయం, అక్కడ పెద్దాయన ముందు తాగాల్సి వస్తే మొహం పక్కకు తిప్పుకొని తాగాలి. పోసేటప్పుడు రెండు చేతులతో పోయాలి. యూదులు పెసాక్ పండగ రాత్రి నాలుగు గిన్నెల ద్రాక్షసారా తాగుతారు. నాలుగే. ఏ గిన్నె ఎప్పుడు, ఏం చదివిన తర్వాత అని అంతా రాసిపెట్టుంది.

నాకు బాగా నచ్చింది జార్జియా. అమెరికాలో రాష్ట్రం కాదబ్బా, కాకసస్ కొండల్లో ఉండే దేశం. వాళ్ల విందుని "సుప్రా" అంటారు. బల్ల దగ్గర ఒకాయన "తమాదా" అని ఉంటాడు. ఎవరి పేరు మీద తాగాలో ఆయనే చెప్తాడు. దేవుడు, దేశం, పోయినోళ్లు, పిల్లలు, ఇట్టా. ఆయన మాట్లాడకుండా ఎవడికి వాడు గ్లాసు ఎత్తకూడదు. ఇంకా విచిత్రం, ఆ తమాదా బాగా తాగగలగాలి, కానీ తూలకూడదు. తూలితే పరువు పోయినట్టే. మన బ్యాచ్‌లో తమాదా పోస్టుకి ఎవడు పనికొస్తాడో మీరే ఆలోచించుకోండి.

ఐర్లాండ్ అంటే మనకు పబ్బులే గుర్తొస్తాయి కదా. అక్కడ గుడ్ ఫ్రైడే రోజు పబ్బులు మూసేయాలని 1927లో చట్టం చేశారు. 2018 దాకా నడిచింది. అంటే డ్రై డే మన ఒక్కళ్ల తలనొప్పే కాదు. ఇక జర్మనీ మ్యూనిక్‌లో అక్టోబర్ ఫెస్ట్. 1810లో యువరాజు పెళ్లికి గుర్రప్పందేలతో మొదలైన జాతర అది, ఇప్పుడు లీటరు గ్లాసుల బీరు పండగ అయిపోయింది. పెళ్లి ఎవరిదో గుర్తుపెట్టుకొని వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారంటారు?

ఇవన్నీ చదువుతుంటే నాకు ఒకటి కనిపించింది. పాత పద్ధతుల్లో తాగడానికి ఒక హద్దు కూడా పద్ధతిలోనే ఉంది. ఎవరు పోయాలి, ఎన్ని గిన్నెలు, ఎవరి ముందు, ఎప్పుడు ఆపాలి. అమ్మకం పెరిగే కొద్దీ హద్దు పోతుంది, గ్లాసు మిగులుతుంది.

మన దగ్గరా హద్దు ఉండేది. మాది మైపాడు పక్క ఊరు. సగం ఊరు రొయ్యల గుంటలు, సగం ఊరు సముద్రం మీద వేట. కట్టల మీద తాటిచెట్లు. మా అవ్వ చిన్నప్పుడు అమ్మోరికి పొంగళ్లు పెట్టే రోజు కల్లు లొట్టి తెచ్చి, ముందు కొంచెం అమ్మోరి ముందు నేల మీద వంచేవాళ్లంట. తర్వాతే మనుషులకు. తెలంగాణ బోనాల్లో "సాక" పోయడం కూడా ఇట్టాంటిదే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇప్పసారా కూడా ముందు దేవతకే. ఎక్కడో దక్షిణ అమెరికాలో పెరూ కొండల్లో వాళ్లు కూడా మొక్కజొన్నతో చేసిన "చిచా" మొదటి చుక్కలు పచమామకి, అంటే నేలతల్లికి పోసి తర్వాతే తాగుతారు. మధ్యలో ఇంత సముద్రం ఉంది, పద్ధతి మాత్రం ఒకటే. చదివినప్పుడు నాకు గూస్‌బంప్స్.

కల్లు గురించి ఒక్క నిమిషం సైన్స్ మాట్లాడుకుందాం. తాటిచెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరే. గాల్లో, కుండలో ఉన్న ఈస్ట్ ఆ చక్కెరని వెంటనే ఆల్కహాల్‌గా మార్చడం మొదలుపెడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవడం ఆగుతుంది, నీరాగా తాగొచ్చు, కాస్తే తాటిబెల్లం. పులిసినా కల్లులో ఆల్కహాల్ బీరు లెక్కలోనే ఉంటుంది. పైగా ఒక రోజు దాటితే పుల్లగా అయిపోయి నోట్లో పెట్టలేం. దాచుకోలేం, లారీలో దూరం పంపలేం. చెట్టు ఇచ్చినంతే, సీజన్ ఉన్నంతే. అంటే హద్దు చెట్టులోనే ఉంది. కల్తీ కల్లు వేరే కథ, అందులో కలిపేవి నిద్రమాత్రల మందులు. దానికి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఆ హద్దుని తెంచింది సారా ప్యాకెట్. మన జనరేషన్‌లో చాలామంది దాన్ని చూసుండరు. 1980ల్లో ప్రభుత్వమే సారాని చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లెపల్లెకీ పంపింది. ఆ స్కీమ్ పేరు తెలుసా? "వారుణి వాహిని". పాలసముద్రం చిలికినప్పుడు పుట్టిన మద్యం దేవత పేరు వారుణి. పేరు పెట్టినోడికి పురాణాలు బాగా వచ్చినట్టున్నాయి. మా అవ్వ మాత్రం దాన్ని పేరుతో పిలవదు. "కిరసనాయిలు రాకపోయినా అది టయానికి వచ్చేది నాయనా" అంటుంది. పండగనీ లేదు, పబ్బమనీ లేదు. కూలి చేతికొచ్చిన ప్రతి సాయంత్రం అదే. నేల మీద వంచే చుక్క లేదు, అమ్మోరు లేదు, వరస లేదు.

ఇక్కడే మన జిల్లా చరిత్రలోకి వచ్చింది. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో "అక్షర దీపం" పేరుతో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిళ్లు లాంతరు వెలుగులో ఆడవాళ్లు చదువుకోవడానికి కూర్చునేవాళ్లు. వాళ్ల పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుబోతు మొగుడి సంసారం గురించి. అ ఆలు నేర్చుకోవడానికి వచ్చినోళ్లు ఆ పాఠం దగ్గర ఆగిపోయారు. ఇది మా ఇంటి కథే కదా అన్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటి ఆడవాళ్లు ఊళ్లోకి సారా రానీయం అని నిలబడ్డారు. 1992కి జిల్లా అంతా అంటుకుంది. చీపుర్లు, కారప్పొడి పట్టుకొని సారా కొట్ల ముందు కాపలా కాశారు. ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టారు. నెల్లూరులో సారా వేలం పాటలు జరగనీయకుండా అడ్డుపడితే మళ్లీ మళ్లీ వాయిదా వేయాల్సొచ్చింది. వాట్సాప్ లేదు, రీల్స్ లేవు. ఒక ఊరి పాఠం ఇంకో ఊరికి నోటి మాటగా వెళ్లింది.

మా అవ్వ కూడా ఒక వేలం రోజు నెల్లూరు పోయింది. నేను ఫోన్‌లో రికార్డ్ చేద్దామని అడిగితే సిగ్గుపడింది. "మేమేం చేశాం, ఎండలో కూర్చున్నాం అంతే" అంది. కాసేపాగి, "పోలీసాయన కూడా మంచినీళ్లు ఇచ్చినాడులే, ఆయన పెళ్లాం ఏమి చెప్పి పంపిందో" అని నవ్వింది.

1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో సారా ఆగింది. అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా. 1994 ఎన్నికల్లో అదే పెద్ద హామీ. ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం స్టేజీ మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. వారుణి వాహిని కూడా ఆయన మొదటి ప్రభుత్వం తెచ్చిందే అని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. డేట్ చూడండి, సరిగ్గా సంక్రాంతి రోజుల్లో! 1997లో ఎత్తేశారు. సారా మీద నిషేధం మాత్రం అట్టానే ఉండిపోయింది.

నిషేధం మనకు కొత్త కూడా కాదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1948కే రాష్ట్రమంతా నిషేధం వచ్చింది. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది కూడా ఈ నిషేధం గొడవ మీదే, ఒక్క ఓటు తేడాతో. రెండుసార్లు తెచ్చారు, రెండుసార్లు తీశారు. ప్రతిసారీ అదే కథ, నాటుసారా బట్టీలు, పక్క రాష్ట్రం బాటిళ్లు, ఖజానాకి చిల్లు. అందుకే నిషేధం అంటే నాకు పెద్ద నమ్మకం లేదు. దీనికి కామెంట్స్‌లో తిడతారని తెలుసు, తిట్టండి.

కానీ ఒకటి నిలబడింది. సారా ఆగినాక ఇంట్లో మిగిలిన డబ్బులో రోజుకి ఒక్క రూపాయి దాచుకోండి అని నెల్లూరులోనే "పొదుపు లక్ష్మి" మొదలైంది. మీ అమ్మ డ్వాక్రా మీటింగ్‌కి పోతుంది చూడండి, ఆ పొదుపు సంఘాల కథలో ఈ రూపాయికి పెద్ద వాటా ఉంది. నా బీటెక్ మూడో సంవత్సరం ఫీజులో కొంత మా అమ్మ సంఘం లోను. అంటే ఒక లెక్కన నేను ఆ సారా కొట్టు మూతపడితే చదువుకున్నోడిని. రోశమ్మ 2016లో చనిపోయారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నా. మా హాస్టల్లో ఒక్కడికి కూడా ఆమె పేరు తెలీదు, అదీ నెల్లూరు జిల్లా పిల్లలకి.

ఇప్పటికి వద్దాం. 2024 అక్టోబర్‌లో మన రాష్ట్రంలో 3,396 ప్రైవేటు షాపులకి లైసెన్సులు ఇచ్చారు. అప్పుడు క్వార్టర్ 99 రూపాయల నుంచి. సంక్రాంతికి ఊరొచ్చిన సాఫ్ట్‌వేర్ వాడిని ఊళ్లో అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడొచ్చినావు" కాదు, "పార్టీ ఎప్పుడు". జీతం వచ్చే చెయ్యి కనిపిస్తే చాలు.

మా చిన్నాన్న కనుమ రోజు రాత్రి పోయినాడు. నేను ఇంటర్‌లో ఉన్నా. బీచ్ రోడ్డు, బైకు, హెల్మెట్ లేదు. ఆ పొద్దు బాటిళ్లు కొనిచ్చింది బయట ఊళ్లో ఉద్యోగం చేసే ఆయన ఫ్రెండే. ఆయన తప్పని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పండగ కదా, ప్రేమగా కొనిచ్చినాడు. అదే నన్ను తినేస్తుంది. ప్రేమగా కొనిచ్చే ప్లేస్‌లో ఇప్పుడు నేనున్నా. మా పిన్ని ఇప్పటికీ కనుమ రోజు గారెలు వండదు.

అందుకని పోయిన సంక్రాంతికి గ్రూపులో మెసేజ్ పెట్టా. తిండి మొత్తం నాది, చేపల పులుసు, నాటుకోడి, రొయ్యల ఇగురు, ఎంత తింటే అంత. మందు ఎవడిది వాడు తెచ్చుకోండి. బండి తాళాలు అన్నీ ముందే మా అమ్మ దగ్గర పెట్టాలి, పొద్దున్నే ఇస్తుంది. తాగి సముద్రంలోకి ఎవడూ దిగకూడదు. 21 నిండని తమ్ముళ్లకి గ్లాసు ఇవ్వం, చట్టం కూడా అదే. పన్నెండు మందిలో నలుగురు రాలేదు. ఒకడైతే వాయిస్ నోట్ పెట్టాడు, "ఏందిబ్బా, సాఫ్ట్‌వేర్ అయినాక పిసినారివి అయిపోయినావే" అని. వచ్చిన ఎనిమిది మంది తాళాలు ఇచ్చారు. ఎందుకు ఇచ్చారనుకుంటున్నారు? నా మాట మీద గౌరవంతో కాదు. మా అమ్మ వాకిట్లో స్టీల్ డబ్బా పట్టుకొని కుర్చీ వేసుకొని కూర్చుంది. ఆమెను దాటి పోయే ధైర్యం ఎవడికుంది? తమాదా అంటే ఎవరో నాకు ఆ రోజు అర్థమైంది.

ఒక నంబర్ కూడా చెప్పేస్తా. వంద ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు. మొదటిసారికే పది వేల ఫైన్, ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. ఆ లిమిట్‌కి చాలామందికి రెండో బీరు అక్కర్లేదు.

ఇక మీ వంతు. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు మీ అవ్వనో, నాయనమ్మనో ఒక్క మాట అడగండి. మీ ఊళ్లో అమ్మోరికి ముందు ఏం పోసేవాళ్లు? కల్లా, పానకమా, పసుపు నీళ్లా? ఎవరు పోసేవాళ్లు? అట్టానే 1992లో ఆమె యాడుంది అని కూడా అడగండి. నెల్లూరు, ప్రకాశం, కడప, చిత్తూరు పిల్లలు ముఖ్యంగా. వాళ్లు ఒప్పుకుంటే వాయిస్ రికార్డ్ చేసి పంపండి, పేర్లు చెప్పకుండానే నెక్స్ట్ ఎపిసోడ్‌లో వినిపిస్తా. మా అవ్వది మాత్రం రాదు, ఆమె ఇంకా సిగ్గుపడతానే ఉంది.