గుట్టుగల వేగము
(వారపు సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నూలు ధరల సంగతి మాటలాడవలసిన ఈ సభలో కారును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. మగ్గము కొనవలసివచ్చినప్పుడు మనము పదిమందిని విచారింతుము. కారు విషయమున మాత్రము కుమారుని మాటయే వేదవాక్యమగుచున్నది. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

నేను చెప్పబోవునది ఒక విచిత్రమైన జాతి బండి. చూపునకు సామాన్య గృహస్థుని వాహనము: నాలుగు తలుపులు, వెనుక సామానుల పెట్టె. లోపల మాత్రము పందెపు గుఱ్ఱము. ఈ గుణము మనకు క్రొత్తది కాదు. సాదా తెల్లబట్టను దూరమునుండి చూచినవానికి ఏమి తెలియును? చేతబట్టిన నేతగానికి గదా నూలు నెంబరు తెలియునది!

స్కోడా వారి స్లావియాను ఉదాహరణముగా తీసికొందము. చెక్ దేశమున మ్లాదా బొలెస్లావ్ పట్టణములో 1895లో లౌరిన్ అను యంత్రకారుడును, క్లెమెంట్ అను పుస్తకవర్తకుడును కలిసి సైకిళ్లు చేయనారంభించి, వానికి స్లావియా యని పేరిడిరి. అంతకుముందు క్లెమెంట్ తన సైకిలు చెడినదని చెక్ భాషలో కంపెనీకి జాబు వ్రాయగా, తమకర్థమగు భాషలో వ్రాయుమని జర్మను భాషలో బదులు వచ్చినదట. ఆ రోషమే కార్ఖానాకు మూలమని చెప్పుదురు. మరాఠీ నాట తెలుగు నిలుపుకొన్న మనకు ఆ రోషము తెలియనిదా?

ఆ పేరుగల కారు 2022లో పూనా చెంతనున్న చాకణ్ నుండి వెలువడినది. ఇంజను రెండు విధములు: ఒక లీటరుది 115 అశ్వశక్తులు, ఒకటిన్నర లీటరుది 150 అశ్వశక్తులు. బయటి రూపమున భేదము స్వల్పము. పెద్ద ఇంజను నిమిషమునకు 1600 చుట్లు తిరుగునప్పుడే తన పూర్తి లాగుడు బలమును చూపును. భారము తక్కువైనప్పుడు నాలుగు సిలిండర్లలో రెండింటికి విశ్రాంతి నిచ్చును. గిరాకీ లేనినాడు సగము మగ్గములాపిన యజమాని వలెనే.

ఈ బలము దేనికి? మన జిల్లాలో చెరకు గానుగల కాలము వచ్చినచో, వెనుక దీపము లేని రెండేసి ట్రాలీలను లాగుచు ట్రాక్టరులు రాత్రివేళ దారి నిండ పోవుచుండును. రెండు వరుసల త్రోవలో వానిని దాటుటకు పట్టు క్షణములే ప్రాణగండము. ఆ క్షణములను తగ్గించుటయే ఈ ఇంజను చేయు నిజమైన ఉపకారము. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి పరీక్షలో పెద్దల రక్షణకును, పిల్లల రక్షణకును ఈ బండి అయిదేసి నక్షత్రములు పొందినది. ఇది నా దృష్టిలో వేగముకన్న గొప్ప గుణము.

ఇక లోపములు. వెనుక సీటులో ఇద్దరికి సుఖము, మూడవవారికి శిక్ష. సీటు క్రిందికుండును; గుంటమగ్గము మీద మోకాళ్లరుగగొట్టుకొన్న మన పెద్దలకు దిగుట కష్టము. పెద్ద ఇంజనుతో వచ్చు స్వయంచాలిత గేరుపెట్టెలో రెండు క్లచ్చులున్నవి. అవి నూనెలో మునుగని పొడి రకము. రహదారిమీద అది పట్టువలె నడచును గాని, సాఖర్ పేట సందులలో అడుగడుగునకు ఆగుచు ప్రాకునప్పుడు వేడెక్కును, కుదుపును. మరమ్మతు ఖర్చు చిన్నది కాదు.

అన్నింటికంటె పెద్ద లోపము ఆ గుట్టులోనే యున్నది. లోపలివానికి వేగము తెలియదు. నాలుగు వరుసల జాతీయ రహదారిమీద కారునకు 2018లో కేంద్రము విధించిన హద్దు గంటకు 100 కిలోమీటర్లు. ఈ బండి శబ్దము లేకయే దానిని దాటిపోవును. ఇరువది యేండ్ల కుఱ్ఱవానికి ఇట్టి బండి తాళము ఇచ్చుటకు నేను సమ్మతింపను.

చద్దరు వ్యాపారమునకై నెలకు నాలుగుమార్లు హైదరాబాదు, పూనా తిరుగువారికి పెద్ద ఇంజను తగును. పేటనుండి అక్కల్‌కోట రోడ్డు కార్ఖానాకు మాత్రమే పోవువారికి చిన్నదే అధికము. మగ్గములు కుదువబెట్టి కొనుట యెవరికిని తగదు. గిరాకీ తగ్గిన నెలలోను వాయిదా తగ్గదు గదా.

కొనదలచినవారు దుకాణమునకు కుమారునొక్కనినే పంపకుడు. ఇంటిలోని ముసలమ్మను వెనుక సీటున కూర్చుండబెట్టుకొని, సాయంకాలపు రద్దీలో అశోక్ చౌక్ దాటించి, దిగిన పిదప ఆమెను అడుగుడు.