ఇంటిలో ఏర్ కండిషనర్: వాడుక, పొదుపు

రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. ఆ ఎండలకు కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, వాటిపై నీళ్ళు చిలుకరించి, మధ్యాహ్నము గడుపుట ఒకనాటి పద్ధతి. నేడు మధ్యతరగతి ఇండ్లలో సైతము ఏర్ కండిషనర్ వెలసినది. దీనిని విలాసమని మనము నిందింప పనిలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. ముసలివారు, పసిబిడ్డలు ఉన్న ఇంట పొదుపు పేరిట యంత్రమును ఆపివేయుడని మనము చెప్పరాదు. ఆపకుండగనే ఖర్చు తగ్గించు ఉపాయములు కలవు.

మొదట గ్రహింపవలసినది, ఈ యంత్రము చలిని పుట్టించదు. గదిలోని వేడిని తోడి బయట పోయును. పడవలో చేరిన నీటిని తోడుట వంటిదే ఈ పని. చిల్లి మూయక తోడువానికి విశ్రాంతి ఎక్కడిది? తలుపు క్రింది సందు, సరిగా మూతపడని కిటికీ రెక్క, తెర లేని పడమటి అద్దము, ఇవియే మన చిల్లులు.

అన్నిటికంటె పెద్ద చిల్లి నడినెత్తిన ఉన్నది. పగలెల్ల కాగిన కాంక్రీటు డాబా ఆ వేడిని రాత్రి పొద్దుపోవువరకు గదిలోనికి దింపుచునే యుండును. డాబాకు తెల్లసున్నము గాని, ఎండను తిప్పికొట్టు తెల్లరంగు గాని వేసినచో ఆ కాక చాల తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది ఇందుకే. మన తాతలు సున్నము వేయించినది అందమునకు మాత్రమే కాదు కాబోలు!

ఇక చాలమంది ఇండ్లలో జరుగునది చూడుడు. ఎండనబడి వచ్చినవారు త్వరగా చల్లబడవలెనని మీట 16 డిగ్రీలకు త్రిప్పుదురు. గది వేడిగా నున్నపుడు 24కు పెట్టినను, 16కు పెట్టినను యంత్రము తన పూర్తి శక్తితోనే పనిచేయును. భేదమెల్ల తరువాతనే. 24కు పెట్టినది అక్కడ నెమ్మదించును. 16కు పెట్టినది అందని ఫలము కొరకు తెల్లవార్లు పరుగిడును, మనము దుప్పటి కప్పుకొని పండుకొందుము. డిగ్రీ ఒక్కటి పెంచిన సుమారు నూటికి ఆరు వంతుల విద్యుత్తు మిగులునని కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 2020 జనవరి 1 నుండి కొత్త యంత్రములు మొదట 24 డిగ్రీల వద్దనే ప్రారంభము కావలెనని నియమము వచ్చినది.

26 డిగ్రీలకు పెట్టి, పైన పంకా మెల్లగా తిరుగనిచ్చిన మరియు మేలు. ఒకటిన్నర టన్నుల యంత్రము పూర్తిగా పనిచేయునపుడు గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు వాడును. 75 వాట్ల పంకా ఒక యూనిట్‌తో పదమూడు గంటలు తిరుగును. ఈ టన్ను యంత్రపు బరువు కాదు సుమా! ఒక టన్ను మంచు ఇరువదినాలుగు గంటలలో కరగుచు ఎంత వేడిని పీల్చునో, అంత వేడిని తోడగల శక్తి. అమెరికా నుండి ఓడలలో మంచుగడ్డలు మదరాసునకు దిగిన దినములు ఉండెడివి. వాటిని దాచిన ఐస్‌హౌస్ భవనము నేటికిని సముద్రతీరమున నిలిచియున్నది.

ఊరిని బట్టియు విచక్షణ కావలెను. అనంతపురములోను, హైదరాబాదులోను వేసవిగాలి పొడిగా నుండును గనుక అక్కడ నీటి కూలరే చాల దినములు సరిపోవును. దాని విద్యుత్తు ఖర్చు స్వల్పము. విజయవాడ, విశాఖపట్టణములలో గాలియే తేమతో బరువెక్కి చెమట ఆరదు. అక్కడ కూలరు ఉక్కను పెంచునే గాని తగ్గింపదు. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్ నగరములో ఒక అచ్చుకూటమునకు ఈ పద్ధతిని రూపొందించినది కూడ తేమను అదుపు చేయుటకే.

గాలి వడగట్టు జాలిని రెండు వారములకొకసారి కడుగుట, బయటి పెట్టెకు బట్టలు, సామానులు అడ్డము పెట్టకుండుట ఇల్లాలికే గాక ఇంటి యజమానికిని చేతనైన పనులే. కొత్తది కొనువారు నక్షత్రములతో తృప్తిపడక, లేబులుపై అచ్చయిన సామర్థ్య సంఖ్యను, తయారైన సంవత్సరమును చూడవలెను. కొలమానము ఎప్పటికప్పుడు కఠినమగుచుండుటచే పాత ఐదు నక్షత్రములు నేటి ఐదింటికి సాటిరావు.

తెల్లవారుజామున బయటిగాలి చల్లబడును. నాలుగు గంటలకు యంత్రము తానే ఆగునట్లు ముందుగా అమర్చుకొని, లేచినంతనే కిటికీలు తెరచినచో ఆ మిగిలిన గంటలకు వెల లేదు.