అవ్వల పేరులు వ్రాసికొందము

(ఇబ్రహీంపట్నమున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మనము నేడు కూడిన యీ యూరి పేరు వినగానే గోలకొండ నేలిన ఇబ్రాహీం కుతుబ్ షా తలంపునకు వచ్చును. ఆయన 1550 మొదలు 1580 వరకు రాజ్యము చేసెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితము చేసెను. రాజు పేరు ఊరికి నిలిచినది, కావ్యమునకు నిలిచినది. ఊరి పెద్దచెరువు కట్టకు తట్టలతో మన్ను మోసిన తల్లుల పేరులు మాత్రము ఏ పుస్తకమునను లేవు. చెరువు నిండినప్పుడు అందరును అలుగును చూడబోవుదురు. పొలమునకు నీరందించు తూమును తలచువారు అరుదు.

మన యిండ్ల సంగతియు నట్టిదే. పెట్టెలలో దాచికొన్న వంశవృక్షములు తీసి చూడుడు. తండ్రి, తాత, ముత్తాత యని ఏడు తరముల పేరులు కనబడును. ఆ యేడు తరములవారిని కని, పెంచి, మ్రొక్కు నేర్పి, మాట నేర్పిన స్త్రీల పేరొక్కటియైనను కనబడదు. పేరు నిలిచిన అవ్వ యొకరిని గూర్చి చెప్పి, పిదప మీ యెదుట ఒక విన్నపము పెట్టుటకై నేను నిలుచుంటిని.

మన సంఘమున హిందువులును కలరు, కతోలికులును కలరు. కతోలిక కుటుంబముల కథ కొంత చెప్పనిదే అవ్వ కథ తెలియదు. 18వ శతాబ్దపు ఆరంభమున ఫ్రాన్సు దేశపు యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేర తెలుగుసీమకు వచ్చిరి. ఆ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమను క్రైస్తవ ప్రబంధమును మన భాషలో రచించెను. ఇంతలో యూరపునందు రాజులకును యేసుసభకును వైరము పుట్టి, 1773లో పోపుగారి యాజ్ఞచే ఆ సభయే రద్దయ్యెను. మరల 1814లో గాని అది నెలకొనలేదు. ఆ నడిమి కాలమున తెలుగు పల్లెలలో గురువులు మిక్కిలి కొరవడిరి. పూజ చేయువారు దూరమైనను జపము మానలేదు. సాయంకాలము దీపము పెట్టి బిడ్డలను చుట్టు కూర్చుండబెట్టుకొని, పరలోకజపమును మంగళవార్తజపమును వల్లె వేయించిన వారెవరు? ఆ బడికి కప్పు వంటిల్లు, పలక నోరు, గురువు అవ్వ.

అట్టి సంప్రదాయమున 1822లో గుంటూరు సీమయందలి ఫిరంగిపురమున జ్ఞానమ్మగారు జన్మించిరి. పిన్నవయసుననే ఆమెకు ఇన్నయ్యగారితో వివాహమయ్యెను. ఐదుగురు కుమారులు కలిగిరి. పిదప భర్త మరణించెను. ఆనాటి విధవకు లోకమేమి విధించియుండెనో నేను వర్ణింపనక్కరలేదు. ఇంటి మూల, ముతక చీర, శుభకార్యమునకు ఎదురు రాకుండుట. ఆమె ఆ మూలను అంగీకరింపలేదు, ఎవరిని దూషింపనులేదు. చెన్నపట్టణమునకు పడమటనున్న కీళచ్చేరికి పోయెను. అచ్చట తెలుగు కతోలిక కుటుంబములు కాపురముండెడివి. 1863లో ఆ గ్రామమున బాలికలకు పాఠశాల తెఱచెను.

ఆ సంవత్సరమును గుర్తుంచుకొనుడు. పూనాలో జ్యోతిరావు ఫూలేగారును సావిత్రీబాయిగారును బాలికల బడి పెట్టినది 1848లో. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించినది 1874లో. ఈ రెంటి నడుమ, పంతులుగారి కంటె పదునొకండేండ్లు ముందుగా, ఒక తెలుగు విధవ ఆడుబిడ్డలకు అక్షరములు దిద్దించినది. ఆమె 1874 డిసెంబరు 21న పరమపదించెను. ఆమె వెలిగించిన దీపము నుండియే మద్రాసునందును ఫిరంగిపురమునందును పునీత అన్నమ్మగారి పేర కన్యకల మఠములు వర్ధిల్లినవి. 2014 మార్చి 21న రోము పీఠము ఆమెను దైవసేవకురాలని ప్రకటించెను. పునీతపదవికి పోవు మార్గమున అది మొదటి మెట్టు.

సృజనశక్తి యనగా పద్యమల్లుటయే యని పండితులు తలంతురు. లేని దానిని కలుగజేయుటయే సృజన మైనచో, ఆడుబిడ్డకు బడి యెఱుగని యూర బడిని కలుగజేసిన యా తల్లి ఏ కవికిని తీసిపోదు.

ఆమె పరంపర ధరించిన పేరును గమనింపుడు. అన్నమ్మ యనగా మరియమ్మగారి తల్లి, యేసుప్రభువునకు అమ్మమ్మ. ఆమె పేరు బైబిలునందు లేదు. సంప్రదాయమే ఆ పేరును చెవి నుండి చెవికి కాపాడినది. జూలై 26న ఆమె పండుగ నేటికిని జరుగుచున్నది. పోపు ఫ్రాన్సిసుగారు 2021 నుండి జూలై నాలుగవ ఆదివారమును అవ్వతాతల దినముగా ఏర్పరచినది ఆ పండుగను తలచియే.

నేను బాల్యమున మా నాయనమ్మ యొడిలోనే యీ కథలు వింటిని. ఆమెకు అక్షరము రాదు. అయినను తపస్సుకాలమున సిలువమార్గపు కథను తిరుగలిపాట వరుసలో తానే మాటలు కూర్చి పాడెడిది. క్రిస్మసునకు పుట్టమన్నుతో పసుల పాక కట్టి, ముందుగానే రాగులు మొలకెత్తించి దాని చుట్టును పచ్చిక చేసెడిది. ముంగిట ముగ్గు నడుమ తోకచుక్కను నిలిపెడిది. పొరుగింటి సంక్రాంతి ముగ్గునకును ఆమె చేయియే కావలసివచ్చెడిది. ఆ పాటలలో నేడు మాకు మిగిలినవి మూడో నాలుగో. తక్కినవి ఆమెతోనే మట్టిలో కలిసినవి. ఇట్టి అవ్వ మీలో ప్రతి యింటను ఉండియుండును.

స్త్రీల పేరులు వ్రాయుట మన యాచారము కాదని కొందరు పెద్దలు అనవచ్చును. నేను సంస్కృతము చదివినవాడను గనుక వారికి సమాధానము చెప్పవలసియున్నది. బృహదారణ్యకోపనిషత్తు తుదిని ఆచార్యుల పరంపర చెప్పబడినది. అందు పౌతిమాషీపుత్రుడు, కాత్యాయనీపుత్రుడు, గౌతమీపుత్రుడు అని గురువులను తల్లుల పేరులతోనే పేర్కొన్నారు. మన సాతవాహన ప్రభువులు గౌతమీపుత్రులమని, వాసిష్ఠీపుత్రులమని చెప్పుకొనిరి. నాసిక గుహయందలి శాసనమున గౌతమీ బాలశ్రీ తనను మహారాజునకు తల్లిగా, మహారాజునకు పితామహిగా చెప్పుకొన్నది. బైబిలు వైపు చూచినను, మత్తయి సువార్తలోని వంశావళియందు ఐదుగురు స్త్రీలు కలరు. పౌలుగారు తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో, ఆ యువకుని విశ్వాసము మొదట అతని అవ్వ లోయియందును, తల్లి యునీకేయందును ఉండెనని పేరులు పెట్టి స్మరించెను. కావున అవ్వల పేరులు వ్రాయుట క్రొత్త యాచారము కాదు, మానివేయుటయే క్రొత్త.

ఇక నా విన్నపము. మొదటిది: వచ్చు సంవత్సరపు సంచికలో ప్రతి కుటుంబపు వంశవృక్షమునందును తాత పేరు ప్రక్కన అవ్వ పేరు, ఆమె పుట్టినింటి పేరు, పుట్టిన యూరు అచ్చువేయింపవలయును. రెండవది: ఎనుబదేండ్లు దాటిన తల్లులు మన యిండ్లలో ఇంకను కొందరున్నారు. వారు పాడు జోలపాటలు, తిరుగలిపాటలు, జపములు, చెప్పు కథలు మన పిల్లలు చేతిలోని ఫోనులలోనైనను పట్టి వ్రాసియుంచవలయును. మన సభ ఏడాది కొకమారు వచ్చును; మృత్యువు సభ తేదీ కొఱకు వేచియుండదు. మూడవది: దాతలు తమ తండ్రితాతల పేర గదులు కట్టించుచున్నారు, సంతోషము. ఒక్క అవ్వ పేరనైనను ఆడుపిల్లకు విద్యార్థి వేతన మేర్పడవలయును. తండ్రి లేని పిల్లకు, తల్లి విధవయైన పిల్లకు ముందుగా నియ్యవలయును. ఆమె గుడికి పోవునా, దేవాలయమునకు పోవునా, ఏ కులమున పుట్టినది అని అడుగకుండ నియ్యవలయును. కులసభలో ఈ మాట అనుట సాహసమని నేనెఱుగుదును. కాని తన వాకిలి దాటని ధర్మము అవ్వలు మనకు నేర్పినది కాదు. ఆకలితో వచ్చిన పరాయిబిడ్డకు ముద్ద పెట్టునప్పుడు వారు కులమడుగలేదు.

జ్ఞానమ్మగారి పేరు ఆమె శిష్యురాండ్రు కాపాడిరి గనుక మనకు దక్కినది. మన అవ్వలకు మఠములు లేవు, శిష్యురాండ్రు లేరు, ఉన్నది మనమే. ఈ సాయంకాలము ఇంటికి పోయి, అమ్మను గాని మేనత్తను గాని అడిగి, ముత్తవ్వ పేరు కాగితముపై వ్రాయుడు. మీ కాగితములు పదునైదు దినములలో కార్యదర్శిగారికి చేరవలయును.