ఎముకల మందు మానేసిన పెద్దమ్మ, మేం వేసిన లెక్క

ఎప్పుడూ అప్పులు, వాయిదాల గురించే మాట్లాడే మమ్మల్ని ఈసారి మందుల గురించి చెప్పమన్నారు. మాలో ఎక్కువ చదివింది పదో తరగతే. మా సంఘంలో జరిగింది, దాని కోసం తిరిగి తెలుసుకున్నది, అంతే చెబుతాం.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. 60 దాటాయి. పశువుల పాకలో జారి చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. అంత చిన్న దెబ్బకే విరిగిందని డాక్టరు గారు డెక్సా స్కాన్ రాస్తే బోలు ఎముకల వ్యాధి అని తేలింది. ఆవిడకి చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. అలా తీసేస్తే ఎముకలు ముందుగానే గుల్లబారతాయని మాకు అప్పుడే తెలిసింది. మన ఊళ్ళల్లో ఆ ఆపరేషన్ అయినవాళ్ళు ఎంతమందో మీకు మేం చెప్పాలా?

వారానికి ఒకటి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల బిళ్ళ రాశారు. రెండు నెలలు పోయాక పొదుపు కట్టడానికి వచ్చినప్పుడు అడిగితే, "మానేశానమ్మా, గుండెల్లో ఒకటే మంట" అంది. మిగిలిన బిళ్ళలు బియ్యం డబ్బాలో ఉన్నాయి. కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, టీతో మింగి వెంటనే వాకిలి ఊడ్చేదట. ఆ బిళ్ళని పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతోనే మింగాలి. అరగంట దాకా ఏమీ తినకూడదు, పడుకోకూడదు, వంగకూడదు. కాల్షియం బిళ్ళ కూడా అప్పుడు వేసుకోకూడదు, తర్వాత వేసుకోవాలి. బిళ్ళ ఆహారగొట్టంలో ఆగితే అక్కడ పుండు పడుతుంది. పొద్దున్నే పాలు పితికే మనిషికి అరగంట ఖాళీగా కూర్చోవడం ఎట్లా కుదురుతుంది? ఆవిడది తప్పని మేం అనలేదు. కానీ డాక్టరుకి చెప్పకుండా మానేసింది, అది మాత్రం తప్పే.

మళ్ళీ తీసుకెళ్ళాం. ఇదే జాతి మందు ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లాగా ఎక్కించేది ఉందట, జోలెడ్రోనిక్ యాసిడ్. కడుపుతో పని లేదు. ముందు రక్తపరీక్ష చేసి కిడ్నీలు, కాల్షియం చూస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి, కాల్షియం తక్కువ ఉన్నవాళ్ళకి ఇవ్వరు. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చని, పారాసిటమాల్ వేసుకోమని చెప్పారు. చెప్పినట్టే ఆ రాత్రి జ్వరం వచ్చింది. ఇరుగుపొరుగు అప్పుడే "ఇంజక్షన్ వికటించింది" అని గోల. మూడో రోజుకి లేచి కూర్చుంది.

ఇక ఖర్చు. ఒక్కసారే వేలల్లో బిల్లు అనేసరికి వాళ్ళబ్బాయి వెనక్కి తగ్గాడు. మేం సంఘం పుస్తకం తీసి లెక్క వేశాం. నాలుగు బిళ్ళల స్ట్రిప్ 160 రూపాయలు. ఏడాదికి 13 స్ట్రిప్‌లు, అంటే 2,080. ఇంజక్షన్ మందు ఒక షాపులో 3,200, ఇంకో షాపులో దానికి రెండింతల పైన, మందు ఒకటే! అందుకే చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకుని జన ఔషధి షాపులో కూడా అడగండి. ఎక్కించిన చార్జి, రక్తపరీక్ష కలుపుకుంటే ఇంజక్షనే ఎక్కువ, నిజమే. కానీ డబ్బాలో పడున్న బిళ్ళ ఎంత చవకైతే ఏం లాభం? సంఘం నుంచి అంతర్గత అప్పు ఇచ్చాం, పది వాయిదాలు.

ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ అని ఇంకొకటి ఉంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి కూడా డాక్టర్లు చూసి ఇస్తారు, అయితే వాళ్ళకి కాల్షియం పడిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. దీన్ని మాత్రం చేతిలో డబ్బు లేదనో, పత్తి ఏరాలనో ఆపేయకూడదు. ఆపితే ఎముక తొందరగా పలచబడి వెన్నుపూసలు నలిగిపోయే ప్రమాదం ఉంది. ఆపాల్సి వస్తే బదులు వేరే మందు ఇవ్వాలి. రెండో డోసుకి డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో చూసుకున్నాకే మొదటిది వేయించుకోండి.

ఈ మందులన్నిటికీ అరుదుగా దవడ ఎముక చెడటం, తొడ ఎముక విరగడం ఉన్నాయి. పన్ను పీకించుకునే పని ఉంటే ముందే చేయించుకోవాలి. మందు వాడుతుండగా తొడలోనో గజ్జలోనో నొప్పి మొదలైతే ఊరుకోకుండా డాక్టరుకి చెప్పాలి.

పెద్దమ్మకి మళ్ళీ సంక్రాంతి వెళ్ళాక ఇంజక్షన్. తేదీ తీర్మానాల పుస్తకంలో రాశాం. ఈలోగా కదులుతున్న ఆ రెండు పళ్ళు చూపించాలి, ఆ పని మా రెండో లీడరు మీద పెట్టాం.